డి లా సోల్ రెండో ఆల్బమ్: కారు స్టీరియోలో ట్రాకుల మధ్య వచ్చే విరామాన్ని తొలగించడం ఎలా?

న్యూయార్క్ హిప్-హాప్ బృందం డి లా సోల్ 1991లో విడుదల చేసిన రెండో ఆల్బమ్ ‘డి లా సోల్ ఈజ్ డెడ్’ సీడీని ఎంపీ3 ఫైళ్లుగా మార్చి, పెన్‌డ్రైవ్ ద్వారా కారు స్టీరియోలో వింటున్నాను. ఒక ట్రాకు ముగిసి తరువాతిది మొదలయ్యేలోగా సుమారు అర సెకను నిశ్శబ్దం వస్తోంది. మామూలు ఆల్బమ్ అయితే దీనిని పట్టించుకోనవసరం లేదు. కానీ ఇందులోని 27 ట్రాకులలో కొన్ని, చెత్తలో దొరికిన క్యాసెట్‌ను విని వెక్కిరించే పిల్లల చిన్న నాటికలు. రోలర్ స్కేటింగ్ మీద సాగే డిస్కో తరహా పాట నుంచి మాదకద్రవ్యాలకు బానిసైన సోదరుడి కథకూ, కన్నతండ్రి అఘాయిత్యానికి గురైన బాలిక కథకూ శ్రోతను నడిపించడంలో ఆ కూర్పు పాత్ర చాలా ఉందని నా అభిప్రాయం.

ఎక్కువ నాణ్యత కోసం 320 కేబీపీఎస్‌తో మళ్లీ ఎన్‌కోడ్ చేశాను, ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గని ఆడియో ఫార్మాట్) మార్చాను, పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ చేశాను; ఫలితం మారలేదు. అవే ఫైళ్లు కంప్యూటర్‌లో విరామం లేకుండా వినిపిస్తున్నాయి కాబట్టి, లోపం ఫైళ్లలో లేదనుకుంటున్నాను. స్టీరియో మెనూలో గ్యాప్‌లెస్ (విరామం లేకుండా వినిపించడం), క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాకు చివరను తరువాతిదాని మొదటితో కలపడం) అమరికలు లేవు. సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినప్పుడు విరామం పోయింది గానీ, కోరిన పాటకు నేరుగా వెళ్లే వీలు కూడా పోయింది. ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో తెలిపేందుకు జతగా ఉంచిన క్యూ ఫైలును స్టీరియో గుర్తించడం లేదు.

స్టీరియోను మార్చకుండా, పెన్‌డ్రైవ్ నుంచే, ట్రాకుల విభజనను నిలుపుకొంటూ ఈ ఆల్బమ్‌ను విరామం లేకుండా వినే మార్గం ఏదైనా ఉందా?