కుమ్రాన్‌ను మఠంగా చూపింది తవ్వకమా, తవ్వినవారి విశ్వాసమా?

రేపల్లె చదువరి: మృత సముద్రపు ఒడ్డున, పాత హీబ్రూ గ్రంథపు చుట్టలు దొరికిన గుహల పక్కనున్న కుమ్రాన్ శిథిలాల్లో 1951 నుంచి 1956 వరకు తవ్వకాలు జరిపించిన రోలాండ్ డి వో డొమినికన్ గురువు. సిరాబుడ్లు దొరికిన గదికి లేఖనశాల అనీ, వెయ్యికి పైగా మట్టిపాత్రలు బయటపడిన కొట్టును ఆనుకొని ఉన్న పెద్ద గదికి భోజనశాల అనీ పేర్లు పెట్టారు. ఇవి క్రైస్తవ మఠాల మాటలు కావా? మెట్లున్న తొట్లలో యూదుల శుద్ధిస్నానపు తొట్లు ఎన్ని అన్న వాదం కూడా ఇక్కడిదే. ఆయన విశ్వాసం ఆయన చూపును ఎంతవరకు నడిపిందో తెలిసినవారు చెప్పగలరు.

పాతరాతలు: గదుల పేర్లకంటే నన్ను బాధించేది వేరు. కుమ్రాన్ నాలుగో గుహలో 1952లో దొరికిన వేలాది చుట్టల ముక్కలను చదవడానికి వేసిన బృందంలో ఒక్క యూదు పండితుడైనా లేడు. వేదాంత పాఠశాలలో నేను ఈ మాట అడిగినప్పుడు, విశ్వాసం లేనివాడి ప్రశ్న అని అందరి ముందు కూర్చోబెట్టారు. ఆ బృందానికి నాయకుడైన జాన్ స్ట్రగ్నెల్ యూదు మతాన్ని దూషించి 1990లో పదవి పోగొట్టుకున్నాడని నాకు ఆ తరువాతే తెలిసింది.

దావీదు కీర్తన: మన తెలుగు బైబిలులో 22వ కీర్తన "వారు నా చేతులను నా పాదములను పొడిచియున్నారు" అంటుంది. యూదుల పాఠంలో అక్కడ "సింహమువలె" అని ఉంది. మృత సముద్రం దగ్గరి నహల్ హెవెర్ లోయలో దొరికిన పాత హీబ్రూ ప్రతిలో క్రియాపదమే కనిపించింది కనుక, పాఠాన్ని మార్చినది యూదులేనని తేలిపోయింది.

హీబ్రూ మాస్టారు: పదకొండేళ్లుగా హీబ్రూ బోధిస్తున్నవాడిగా చెబుతున్నాను, ఏమీ తేలలేదు. తేడా అంతా చివరి అక్షరంలో ఉంది: యోద్ అయితే సింహం, వావ్ అయితే క్రియ. ఆ కాలపు చేతిరాతలో ఈ రెండూ ఒక చిన్న గీత పొడవులోనే వేరుపడతాయి. పైగా ఆ లేఖకుడు పక్క మాటలోనే ఒక అక్షరం ఎక్కువ రాసి "చేతులు" అనవలసినచోట "ఆమె చేతులు" అన్నాడు. ఆ క్రియకు "పొడుచుట" అన్న అర్థం కూడా స్థిరం కాదు. ఇంత సన్నని ఆధారంతో ఒక జాతి మీద దొంగతనం మోపడం అన్యాయం.

దావీదు కీర్తన: గ్రీకు అనువాదంలో "తవ్విరి" అని రాసినవారు క్రైస్తవులు కారు, క్రీస్తుకు ముందటి యూదులే. బోధించిన ఏళ్లు చెప్పి మా నోళ్లు మూయించకండి.

హీబ్రూ మాస్టారు: ఆ అనువాదం క్రియను చూపుతుందని నేనూ ఒప్పుకుంటాను. "యూదులే మార్చారు" అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోండి.

కోటబురుజు: పక్షపాతం ఒక్క క్రైస్తవుల సొత్తు కాదండీ. రోమన్లకు చిక్కకుండా యూదు తిరుగుబాటుదారులు ఒకరినొకరు చంపుకున్నారని చెప్పే మసాదా కోటను 1963–65లో తవ్వించిన యిగాయెల్ యాదిన్ అంతకుముందు ఇజ్రాయెల్ సైన్యాధిపతి. అక్కడ పేర్లు రాసిన పదకొండు పెంకులు దొరికితే, ఒకదానిపై ఆ తిరుగుబాటుదారుల నాయకుడి పేరు "బెన్ యాయిర్" అని ఉన్నందున, ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ చెప్పిన మరణపు చీట్లు ఇవే కావచ్చునన్నారు. జోసీఫస్ చెప్పింది మిగిలినవారిని చంపడానికి చీట్లు వేసి ఎంచిన పదిమంది సంగతి. పదకొండో పెంకును ఏం చేద్దాం?

పాతరాతలు: అది దేశాభిమానం, మతం కాదు. రెండింటినీ కలిపి మా బాధను పలుచన చేయకండి.

రేపల్లె చదువరి: నేను అడిగిన తొట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. పోనీ, కుమ్రాన్ శ్మశానం సంగతైనా చెప్పండి. డి వో అక్కడ బ్రహ్మచారుల సంఘాన్ని చూశారు. ఆయన తెరిపించిన సమాధుల్లోనే స్త్రీల ఎముకలు, పిల్లల ఎముకలు కూడా ఉన్నాయి.