లియోన్‌లో కుటుంబంతో రెండు రోజులు

ప్రశ్న: మే నెలలో ఎనిమిదేళ్ల పాపతో, శాకాహారి అయిన మా అత్తగారితో ఫ్రాన్స్‌లోని లియోన్‌కు వెళ్తున్నాము. ఏమి చూడవచ్చో, ఎక్కడ తినవచ్చో దయచేసి తెలపగలరు.

జవాబు: తెత్ దోర్ ఉద్యానవనంలోని జంతుప్రదర్శనశాలకు టికెట్ అక్కర్లేదు. సినిమాకు ఆద్యులైన లూమియేర్ సోదరులు 1895లో తమ కర్మాగారం నుంచి కార్మికులు బయటికి వస్తుండగా చిత్రీకరించిన వీధిలోనే వారి మ్యూజియం ఉంది కనుక, సినిమా పిచ్చి ఉన్న మనవాళ్లు దానిని వదలకూడదు.

మరో జవాబు: 'బుషోన్' అనే సంప్రదాయ భోజనశాలల్లో మాంసం, పేగుల వంటకాలే ఎక్కువ. అత్తగారికి మూలికలు కలిపిన మెత్తని జున్ను 'సెర్వెల్ ద కన్యు' అడగండి. ఆ పేరుకు 'పట్టు నేతగాడి మెదడు' అని అర్థమని మాత్రం ఆవిడకు ముందే చెప్పకండి!

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ, తప్పక దాస్తాను. భోజనవేళలు ఎలా ఉంటాయి?

జవాబు: చాలాచోట్ల మధ్యాహ్నం రెండు దాటితే రాత్రి ఏడు వరకు వడ్డించరు, పాప కోసం ఏదైనా వెంట ఉంచుకోండి.