చర్చ: పర్వత దళం సగంలో ఆగితే, దానికి అప్పగించిన పని కూడా తగ్గించాలా?

శ్రీకర్_విశాఖ: చైనా సరిహద్దులో ఎదురుదాడి చేయగల 17వ కోర్ అనే పర్వత దళానికి 2013లో కేంద్రం ఒప్పుకుంది. దాదాపు 90 వేల మంది, 60 వేల కోట్ల పైన ఖర్చు. బెంగాల్‌లోని పానాగఢ్‌లో దాని భాగంగా ఒక డివిజన్ నిలబడింది. పఠాన్‌కోట్‌లో రెండోది డబ్బుల్లేక ఆగింది. అలాంటప్పుడు ఏం చేయాలి?

లెక్కలపుస్తకం: పని తగ్గించాలి. రక్షణ లెక్కల ఆఫీసులో 22 ఏళ్లు చేశాను. ఇన్ని బండ్లు కావాలని ఫైలు వస్తుంది. అవి రాకపోతే ఏ పని ఆగుతుందో ఒక్క ముక్క ఉండదు. ఇక దేనికి కోత పెట్టాలో మాకెలా తెలుస్తుంది?

మాధవరం_మనవడు: మీ కోతలు తెలుసండీ. అరుణాచల్‌లో తవాంగ్ పైన రెండు చలికాలాలు చేశాను. నాది 8 నంబరు, ఇచ్చిన బూట్లు 10. బూటు ముందు భాగంలో గుడ్డలు కుక్కుకుని నడిచాను.

లెక్కలపుస్తకం: నంబరు తప్పు స్టోర్స్ వాళ్లది, లెక్కలవాళ్లది కాదు.

మాధవరం_మనవడు: ఎవరిదైతేనేం, కాళ్లు నావి.

రమణ77: బూట్లు వదిలి 1962 సంగతి చెప్పండి సార్.

లెక్కలపుస్తకం: తవాంగ్ వైపు సరిహద్దులో నమ్కాచూ వాగు దగ్గర చైనావాళ్లని వెళ్లగొట్టమన్నారు. ఇన్ని సరుకులు పైకి చేరితే తప్ప కాదని అక్కడి కోర్ కమాండర్ జనరల్ ఉమ్రావ్ సింగ్ లెక్క కట్టి పంపాడు. ఆ బాధ్యతే ఆయన చేతిలోంచి తీసేసి జనరల్ కౌల్‌కి ఇచ్చారు. నూలు బట్టల్లో, మనిషికి 50 తూటాలతో కూర్చున్న 7వ బ్రిగేడ్ అక్టోబరు 20న గంటల్లో చెదిరిపోయింది.

మాధవరం_మనవడు: అంటే ఆర్డరొచ్చాక జవాను సామాన్ల లిస్టు చూపించాలా?

లెక్కలపుస్తకం: జవాను కాదు, జనరల్ చూపించాలి. 1971 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ యుద్ధానికి సైన్యాధిపతి మానెక్‌షా గడువు అడగలేదా?

మాధవరం_మనవడు: కార్గిల్‌లో గడువెవడిచ్చాడు? ఉన్నదాంతోనే పోరాడతామన్నాడు అప్పటి సైన్యాధిపతి జనరల్ మలిక్. మా సెక్షన్‌లో ఒకడికి చలికి రెండు కాలివేళ్లు తీసేశారు. కాదనొచ్చని ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు మీరంటుంటే వాడి వేళ్లు ఊరికే పోయాయన్నట్టుంది.

సుజాత_నల్గొండ: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

లెక్కలపుస్తకం: ఊరికే పోయాయనే నా బాధ కూడా, హవల్దార్ గారూ. బూట్లు రాకపోతే ఈ చలికాలం ఆ పోస్టు ఖాళీ చేయాలని ఫైల్లో రాసుంటే, ఢిల్లీలో ఎవరో ఒకరు దానికి జవాబు చెప్పాల్సి వచ్చేది.

మాధవరం_మనవడు: పోస్టు ఖాళీ చేయడమనే మాట నా ముందు అనకండి. వాడి వేళ్లు పోయింది ఆ పోస్టు కోసమే.