పాత యుద్ధనౌకల్లో రాతినార దుమ్ము: జబ్బు ఓడలోనే పట్టుకుందని ఎవరు రుజువు చెయ్యాలి?

గాజువాక_కుర్రోడు:
మా మావయ్య 1970ల్లో నేవీలో చేరి బాయిలర్ రూమ్‌లోనే సర్వీసంతా చేశాడు. ఓడ పేరు ఇక్కడ వద్దు. పాత బ్రిటిష్ డిజైన్ స్టీమ్ ఓడ అనుకోండి చాలు. రిటైరైన చాలా ఏళ్లకు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. మొదట టీబీ అనుకుని మందులు వాడారు. చివరికి బయాప్సీలో మీసోథీలియోమా అని వచ్చింది. అంటే ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరకు వచ్చే క్యాన్సర్. "ఆస్బెస్టాస్ దగ్గర ఎప్పుడైనా పనిచేశారా?" అని డాక్టర్ అడిగారు. (ఆస్బెస్టాస్ అంటే రాతినారే.) మా మావయ్యేమో "ఓడంతా అదే కదమ్మా" అన్నాడు.

ఇప్పుడు పెన్షన్ విషయంలో ఆ జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని మేం చూపించాలట. నలభై ఏళ్ల కిందటి దుమ్ముకి కాగితం ఎక్కడ తేవాలి? బ్రిటన్‌లో 2015 డిసెంబరులో ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది: సర్వీసులో ఆస్బెస్టాస్ వల్ల మీసోథీలియోమా వచ్చిన మాజీ సైనికుడికి కావాలంటే ఒకేసారి 1,40,000 పౌండ్లు ఇస్తారు. మన దగ్గర కూడా స్టీమ్ ఓడల్లో చేసినవాళ్లకు ఈ జబ్బు వస్తే సర్వీసు వల్లే అని ముందే ఒప్పుకోవాలి, కాదనుకుంటే ఆ సంగతి ప్రభుత్వమే రుజువు చెయ్యాలి అని నా వాదన. మీరేమంటారు?

పాత_ఈఆర్ఏ:
బాబూ, నేను ఇంజిన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా, అంటే ఓడ యంత్రాలు చూసే మెకానిక్‌గా చేసి దిగినవాణ్ణి. బయటివాళ్లకు ఆ పనేంటో తెలియదు కాబట్టి చెబుతాను.

స్టీమ్ ఓడలో బాయిలర్ నుంచి టర్బైన్‌కి వెళ్లే పైపు మీద చెయ్యి పెడితే చర్మం ఊడొస్తుంది. అందుకని ప్రతి పైపుకీ, వాల్వుకీ, టర్బైన్ కేసింగ్‌కీ వేడి బయటికి రాకుండా లాగింగ్ అనే పొర చుట్టేవారు. ఆ లాగింగంటే ఆస్బెస్టాసే. పంపుల్లో ప్యాకింగ్, ఫ్లాంజీల మధ్య గ్యాస్కెట్లు కూడా అదే. చుట్టి రంగేసి వదిలేస్తే పెద్దగా ఏమీ కాదు. కానీ స్టీమ్ ఓడలో ఏదో ఒక చోట రోజూ లీకే. లీకు పట్టుకోవాలంటే లాగింగ్ కొట్టి ఊడదియ్యాలి. సుత్తి, కత్తి, వైర్ బ్రష్, అంతే సామాను. ఊడదీసింది కాళ్ల కిందే పడేది, దాన్ని చీపురుతో ఊడ్చేవాళ్లం. బ్లోయర్లు ఆ గాలినే తిప్పితిప్పి కొట్టేవి. రీఫిట్‌లో, అంటే ఓడని యార్డులో పెట్టి పెద్ద మరమ్మతు చేసేటప్పుడైతే, పదిమంది ఒకేసారి ఊడదీస్తుంటే లైటు కాంతిలో దుమ్ము తెల్లగా తేలేది. మాస్క్ అంటే నోటికి కట్టుకున్న చేతిరుమాలు.

అయినా ఒక మాట. నాతోపాటు చేసినవాళ్లలో చాలామంది బాగానే ఉన్నాం. ఓడ ఎక్కిన ప్రతివాడికీ జబ్బొస్తుందని భయపెట్టకండి.

లెక్క_ప్రకారం:
మావయ్యగారి విషయంలో సానుభూతి ఉంది. కానీ "ముందే ఒప్పుకోవాలి" అనడం దగ్గరే నాకు పేచీ.

ఆస్బెస్టాస్ ఓడల్లోనే ఉందా? మన ఊళ్లలో సగం వంటిళ్ల మీద, కోళ్ల ఫారాల మీద ఉన్న సిమెంటు రేకులేంటి? పులివెందుల దగ్గర రాతినార గనులుండేవి, అక్కడ తవ్వినవాళ్లెంతమంది? నేవీ నుంచి దిగాక ఇరవై ఏళ్లు ఏ ఫ్యాక్టరీలోనో, పవర్ ప్లాంట్‌లోనో చేసిన మాజీ నావికులు బోలెడుమంది. ఎక్కడి దుమ్ము ఎవరి ఊపిరితిత్తిలో చేరిందో ఎవరు తేలుస్తారు? ఇంకో సంగతి, ఆ రోజుల్లో దీని ప్రమాదం ఎవరికీ తెలియదు. యుద్ధనౌకలో అన్నిటికన్నా పెద్ద భయం మంటలు. మంటకి తట్టుకునే సరుకు వాడారు. తెలియక చేసినదానికి ఇప్పుడు పన్ను కట్టేవాడు డబ్బు పెట్టాలా?

ఛాతీ_డాక్టరమ్మ:
లెక్క_ప్రకారం గారూ, రేకులనీ లాగింగ్‌నీ ఒకే గాటన కట్టకండి. రేకుల్లో వాడేది ఎక్కువగా క్రిసోటైల్, అంటే తెల్ల ఆస్బెస్టాస్. అది సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. కోసినప్పుడు, పగిలినప్పుడు దుమ్ము లేస్తుంది కాబట్టి దాన్ని మంచిదని నేననను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అన్ని రకాల ఆస్బెస్టాస్‌నీ క్యాన్సర్ కారకాల జాబితాలోనే పెట్టింది. కానీ పాత ఓడల లాగింగ్‌లో గోధుమరంగు అమోసైట్, నీలం రంగు క్రోసిడోలైట్ కూడా ఉండేవి. వాటి పోగులు సూదుల్లా నిటారుగా ఉంటాయి, ఒంట్లోంచి బయటికి పోవు. మీసోథీలియోమాకి ఈ రెండూ చాలా ఎక్కువ ప్రమాదకరం. పైగా మూసేసిన ఇనుప గదిలో ఊడదీసిన లాగింగ్ దుమ్మెక్కడ, ఆరుబయట పైకప్పు రేకెక్కడ?

రెండో విషయం. దుమ్ము పీల్చినప్పటి నుంచి ఈ జబ్బు బయటపడడానికి సాధారణంగా ఇరవై నుంచి యాభై ఏళ్లు పడుతుంది. కాబట్టి "రిటైరైనప్పుడు మెడికల్‌లో బాగానే ఉన్నాడు కదా" అన్నమాటకి ఇక్కడ అర్థమే లేదు. ఆస్బెస్టాస్ తగలని మగవాళ్లలో మీసోథీలియోమా చాలా అరుదు. బాయిలర్ రూమ్‌లో ఏళ్ల తరబడి చేసినవాడికి వస్తే నేను వేరే కారణం వెతకను.

అయితే మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతి వేరు. సిగరెట్, ఆస్బెస్టాస్ రెండూ కలిస్తే ముప్పు కూడిక కాదు, దాదాపు గుణకారమే. అక్కడ ఎవరి వాటా ఎంత అని వాదించుకోవచ్చు. మీసోథీలియోమాకి సిగరెట్‌తో సంబంధం లేదు, అక్కడ ఆ సాకు చెల్లదు.

పాతకాగితాలు:
"ఎవరికీ తెలియదు" అన్నదాని మీద నాకు అభ్యంతరం. బ్రిటన్‌లో 1930లోనే మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ కార్మికులను పరీక్షించి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. 1931లో దుమ్ము మీద నిబంధనలు వచ్చాయి. అవి ఫ్యాక్టరీలకే గానీ ఓడలోపలి జీవితానికి కాదు.

అసలు తమాషా అమెరికాలో జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళ ఓడలు కడుతున్న యార్డుల్లో పైపులకు లాగింగ్ చుట్టే 1,074 మందిని పరీక్షించి 1946లో ఫలితాలు ప్రచురించారు. ముగ్గురికే ఆస్బెస్టోసిస్ (ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) కనిపించింది, కాబట్టి ఇది పెద్ద ప్రమాదకరమైన పని కాదన్నారు. ఆ ముగ్గురూ ఇరవై ఏళ్లకు పైగా ఆ పనిలో ఉన్నవాళ్లు. పరీక్షించిన వాళ్లలో 95 శాతం మంది అనుభవం పదేళ్లు కూడా లేదు! నిన్న నాటిన మామిడి మొక్క దగ్గర నిలబడి "ఇది కాయదు" అని తేల్చినట్టుంది. ఇరవై ఏళ్ల తర్వాత బయటపడే జబ్బు కోసం కొత్తగా చేరినవాళ్లలో వెతికి, లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ సర్టిఫికెట్‌ని ఆ తర్వాత ఏళ్ల తరబడి అడ్డం పెట్టుకున్నారు.

1960లో దక్షిణాఫ్రికాలో నీలం ఆస్బెస్టాస్ గనుల ప్రాంతం నుంచి వాగ్నర్ బృందం 33 మీసోథీలియోమా కేసులు ప్రచురించింది. 1964లో న్యూయార్క్‌లో సెలికాఫ్ అనే డాక్టర్ ఇన్సులేషన్ కార్మికుల మరణాల లెక్క బయటపెట్టాడు. 1968లో బ్రిటన్ డెవన్‌పోర్ట్ నౌకాదళ డాక్‌యార్డ్ డాక్టర్ హ్యారిస్ తన యార్డులో ఏం జరుగుతోందో రాశాడు. గాజువాక_కుర్రోడి మావయ్య నేవీలో చేరింది వీటన్నిటి తర్వాత.

లెక్క_ప్రకారం:
లండన్, న్యూయార్క్ పత్రికల్లో అచ్చైతే మన డాక్‌యార్డులో ఫోర్‌మన్‌కి తెలిసిపోతుందా? 1961లో పాత విక్రాంత్ విమానవాహక నౌక మన చేతికొచ్చింది. ఆ ఓడకు కీల్ (అడుగు దూలం) వేసింది 1943లో. కట్టినవాళ్లు బ్రిటిష్ వాళ్లు, లాగింగ్ చుట్టింది వాళ్లు. మనం కొనుక్కున్నాం. విరాట్ కూడా అంతే, 1959లో వాళ్ల నేవీలో హెర్మిస్‌గా చేరి 1987లో మనకొచ్చింది. బాధ్యత అంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

లా_చదివినోడు:
బాధ్యత ఎక్కడి నుంచి మొదలవ్వాలన్న ప్రశ్న మీద అమెరికా కోర్టులు దశాబ్దాలు కొట్టుకున్నాయి, టూకీగా చెబుతా.

అక్కడ సర్వీసు వల్ల గాయమైన సైనికుడు ప్రభుత్వం మీద దావా వెయ్యడానికి వీల్లేదు. 1950 నాటి ఫెరెస్ తీర్పు అది. కాబట్టి నావికులు ఆస్బెస్టాస్ సరుకు అమ్మిన కంపెనీల మీద పడ్డారు. జాన్స్ మాన్‌విల్ అనే పెద్ద కంపెనీ 1982లో దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత పంపులు, టర్బైన్లు చేసిన కంపెనీల వంతు. వాళ్లేమన్నారంటే, "మేం ఇచ్చింది ఉత్త ఇనుము. ఆస్బెస్టాస్ చుట్టుకున్నది నేవీ." 2019లో డెవ్రీస్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు 6-3తో ఏం చెప్పిందంటే, మీ యంత్రం పనిచెయ్యాలంటే ఆ ప్రమాదకరమైన భాగం తగిలించక తప్పనప్పుడు, అది ప్రమాదమని మీకు తెలిసినా, తెలియాల్సి ఉన్నా, వాడేవాడు దాన్ని గ్రహిస్తాడని నమ్మడానికి మీకు కారణం లేకపోతే, హెచ్చరించాల్సింది మీరే.

మన దగ్గర కంపెనీ దారి దాదాపు లేనట్టే. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం జబ్బుల పట్టికలో ఆస్బెస్టోసిస్ ఉండేది, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా కూడా ఉండేది. కానీ ఉద్యోగి నిర్వచనంలోనే సాయుధ దళాల సభ్యులను తీసేశారు. 1995లో మన సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం ఉంచాలంది. అది ఆ పరిశ్రమ గురించి చెప్పిన మాట. ఓడలోని నావికుడికి అలాంటి దుమ్ము రికార్డు ఎవరు పెట్టారు?

ఒక్క ఆసరా ఉంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చేరేటప్పుడు నమోదు కాని జబ్బు సైనికుడికి సర్వీసులో వస్తే అది సర్వీసు వల్లే వచ్చిందని అతని పక్షానే అనుకోవాలంది. కానీ అది జబ్బుతో సర్వీసు నుంచి బయటికొచ్చినవాడి కేసు. ఇంటికెళ్లిన ముప్పై ఏళ్లకు బయటపడే జబ్బుకి అది సూటిగా అతకదు. కుర్రోడి వాదనకి బలం అక్కడే ఉంది. నియమం రాసినవాళ్ల బుర్రలో ఇంత ఆలస్యంగా వచ్చే జబ్బు లేదు.

మల్కాపురం_లక్ష్మి:
అందరూ నావికుల గురించే మాట్లాడుతున్నారు. ఓడ రీఫిట్‌కి వస్తే లోపలికి దిగేది డాక్‌యార్డ్ మనుషులు, వాళ్ల కింద కాంట్రాక్టు కూలీలు. నావికుడికి కనీసం సర్వీసు పుస్తకం ఉంటుంది. కాంట్రాక్టు కూలీ ఏ ఓడలో చేశాడో వాడికే గుర్తుండదు. ఆ బట్టలు ఇంట్లో ఉతికిన ఆడవాళ్ల సంగతి సరేసరి. ఇలా ఇంటికొచ్చిన దుమ్ముతో జబ్బుపడ్డ భార్యల కేసులు బయటి దేశాల్లో ఉన్నాయి.

2006లో ముక్కలు చెయ్యడానికి పంపిన ఫ్రాన్స్ వాళ్ల క్లెమెన్సో యుద్ధనౌకని ఆస్బెస్టాస్ ఉందని మన సుప్రీంకోర్టు మన జలాల్లోకి రావద్దంది, వాళ్ల అధ్యక్షుడు షిరాక్ వెనక్కి పిలిపించుకున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. మరి విక్రాంత్‌ని 2014లో ముంబైలో, విరాట్‌ని 2020లో గుజరాత్‌లోని అలంగ్ తీసుకెళ్లి ముక్కలు చేస్తుంటే మాట్లాడుకున్నదంతా మ్యూజియం చెయ్యలేదే అని. కోసేవాళ్ల ఊపిరి గురించి ఎంతమంది అడిగారు?

లెక్క_ప్రకారం:
డాక్టర్‌గారు చెప్పింది విన్నాక నా లెక్క ఇది: మీసోథీలియోమా ఒక్కదానికే, అదీ ఇంజిన్ రూమ్, బాయిలర్ రూమ్ బ్రాంచి వాళ్లకే, ముందే ఒప్పుకోండి. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఆయాసం, దగ్గు అన్నీ ఇందులో కలిపేస్తే ఒప్పుకోను. గీత ఎక్కడో గీయాలి.

పాత_ఈఆర్ఏ:
కుర్రోడా, ముందు మీ మావయ్య సర్వీసు సర్టిఫికెట్‌లో ఏయే ఓడలు, ఏ తేదీలు ఉన్నాయో రాసుకో. అందులో రీఫిట్ ఎప్పుడు జరిగిందో ఆనాటి షిప్‌మేట్లకు గుర్తుంటుంది. వాళ్లతో అఫిడవిట్లు రాయించు. "ఏళ్ల తరబడి ఆస్బెస్టాస్ దగ్గర పనిచేశారు" అన్నమాట డాక్టర్ చేత కేస్ షీట్‌లో రాయించడం మర్చిపోకు. సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వస్తే అదే పనికొస్తుంది.

లెక్క_ప్రకారం గారూ, మీ గీత గురించి. మెస్‌డెక్, అంటే నావికులు తిని పడుకునే చోటు, పైనుంచి స్టీమ్ పైపు వెళ్లేది. పై బంకులో పడుకుంటే ముక్కుకి జానెడు దూరం. గన్ ఫైరింగ్ జరిగితే లాగింగ్ అదిరి దుప్పటి మీద రాలేది. అక్కడ పడుకున్నవాళ్లు ఒకడు కుక్, ఒకడు రైటర్ (గుమాస్తా), ఒకడు సిగ్నల్స్. మీ గీతకి వాళ్లు ఏ పక్క?

లెక్క_ప్రకారం:
వాళ్లు మెస్‌డెక్ సంగతి చూపించుకోవాలి సార్. అది వాళ్లకు కష్టమేం కాదు, ఓడ డ్రాయింగ్‌లోనే ఉంటుంది.

గాజువాక_కుర్రోడు:
డ్రాయింగ్ ఎవరి దగ్గరుంది సార్? అడిగితే సీక్రెట్ అంటారు. అందుకే రుజువు బరువు వాళ్ల మీదుండాలంటున్నా.