ట్రైనింగ్ ఖర్చు ఎవరిది? ఫ్రెషర్ చేత బాండ్ రాయించుకోవడం న్యాయమేనా?

అమీర్‌పేట_అక్క:
మా తమ్ముడికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. ఏడాదికి మూడున్నర లక్షలు. ఆఫర్ లెటర్‌తో పాటే రెండేళ్ల బాండ్ పంపారు. మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి, నాన్న ష్యూరిటీ సంతకం పెట్టాలి, పదో తరగతి నుంచి బీటెక్ దాకా ఒరిజినల్స్ అన్నీ వాళ్ల దగ్గరే ఉంచాలి. మూడు నెలల ట్రైనింగ్‌లో నేర్పేది జావా, ఎస్‌క్యూఎల్. నాన్న రెండు రోజులుగా ఆ కాగితం తీసి చూడటం, మళ్లీ మడిచి పెట్టడం. ఆయన టెన్షన్ చూడలేకపోతున్నాను.

నా వాదన ఇది: అంత తక్కువ జీతానికి ఒప్పుకున్నప్పుడే ట్రైనింగ్ ఖర్చు వాడు భరించినట్టు. బాండ్ పేరుతో అదే ఖర్చు రెండోసారి అడుగుతున్నారు.

బాలానగర్_షెడ్డు:
అమ్మా, యజమాని వైపు కూడా ఒకసారి చూడండి. నాది ఐదు మిషన్ల జాబ్‌వర్క్ షెడ్డు. ఐటీఐ నుంచి వచ్చిన కుర్రాడికి వెర్నియర్‌తో కొలత చూడటం వస్తుంది, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద ఆఫ్‌సెట్, అంటే టూల్ ఎంత జరగాలో సరిచేసే అంకె, వేయడం రాదు. పోయినేడాది ఒక అబ్బాయి మైనస్ కొట్టాల్సిన చోట ప్లస్ కొట్టాడు. టూల్ వెళ్లి, ముక్కను పట్టుకునే చక్‌కి గుద్దుకుంది. మిషన్ తొమ్మిది రోజులు ఆగిపోయింది. వాడు వణికిపోతుంటే టీ తాగించి, పక్కన నిలబడి మళ్లీ మొదటి నుంచి నేర్పాను. ఎనిమిదో నెలకి చెయ్యి తిరిగింది. పదో నెలలో జీడిమెట్లలో మూడు వేలు ఎక్కువ ఇస్తామంటే వెళ్లిపోయాడు.

నేర్పే ఖర్చు నాది, నేర్చిన చెయ్యి వాళ్లది. ఆ తర్వాత వచ్చిన వాడికి సెట్టింగ్ నేర్పడానికి నాకు మనసు రాలేదు. ముక్క బిగించి బటన్ నొక్కమన్నాను, అంతే. నష్టం ఎవరికంటారు?

ఎకనామిక్స్_లెక్చరర్:
మీ ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే రెండూ ఒకే రకం కేసు కాదు.

1964లో గ్యారీ బెకర్ అనే అమెరికన్ అర్థశాస్త్రవేత్త తన పుస్తకంలో శిక్షణను రెండుగా విడదీశాడు. ఒకటి ఏ కంపెనీలోనైనా పనికొచ్చేది, రెండోది ఆ ఒక్క కంపెనీలోనే పనికొచ్చేది. మొదటి రకం ఖర్చు యజమాని పెట్టుకోడు, నేర్చుకునేవాడే తక్కువ జీతం రూపంలో కడతాడు. రెండోది ఇద్దరూ పంచుకుంటారు. జావా మొదటి రకం. కాబట్టి అక్కగారి లెక్క సరైనదే.

అయితే బెకర్ లెక్క పనిచేయాలంటే నేర్చుకునేవాడికి ఆ తక్కువ జీతంతో నెట్టుకొచ్చే స్తోమత ఉండాలి. రూమ్ అద్దె కట్టి, ఇంటికి డబ్బు పంపే ఐటీఐ కుర్రాడు అంత తక్కువకి రాలేడు. అప్పుడు భారం షెడ్డు యజమాని మీద పడుతుంది. ఆయన నేర్పడం మానేస్తాడు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. బటన్ నొక్కుతూ మిగిలిపోయిన ఆ రెండో కుర్రాడి గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంకొక సంగతి. జర్మనీలో ఎక్కడైనా పనికొచ్చే పనిని కంపెనీలు సొంత ఖర్చుతో అప్రెంటిస్‌లకు నేర్పుతుంటే, అసెమోగ్లు, పిష్కె అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు 1990లలో దాని వెనకున్న కారణం వెతికారు. నైపుణ్యం పెరిగినంతగా జీతం పెరగని చోట ఆ తేడా కంపెనీకి మిగులుతుంది, నేర్పితే లాభమే. వెళ్లే దారి మూసేస్తే జీతం పెంచాల్సిన ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. బాండ్ చేసే పని అదే.

కోర్టు_మెట్లు:
చట్టం సంగతి నేను చెప్తాను. బాండ్ చెల్లదని కొట్టిపారేయకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ ఆ ఉద్యోగి సీనియర్ మేనేజర్, మీ తమ్ముడిలా ఫ్రెషర్ కాదు. ప్రభుత్వ బ్యాంకులో నియామకానికి అయ్యే ఖర్చును కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంది.

కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం బాండ్‌లో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి తగిన పరిహారమే ఇప్పిస్తారు. ట్రైనింగ్‌కి ఎంత ఖర్చవుతుందో రాతపూర్వకంగా అడగండి. పని చేసిన ప్రతి నెలకీ బాండ్ మొత్తం కొంత తగ్గేలా రాయమనండి. ఒరిజినల్స్ మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకోండి, అప్పగించకండి.

బాలానగర్ గారూ, కేంద్రం 2016లో తెచ్చిన అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం చూశారా? స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1500 దాకా వాళ్లు భరిస్తారు.

బాలానగర్_షెడ్డు:
విన్నాను గానీ రిజిస్ట్రేషన్‌కి కూర్చునే తీరిక లేక వదిలేశాను. 1500తో ఆగిన మిషన్ నష్టం పూడదు, అయినా ఈసారి చేయిస్తాను.

లెక్చరర్ గారు ఆ రెండో కుర్రాడి మాట ఎత్తాక రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. వెళ్లిపోయిన అబ్బాయికి చెయ్యి తిరిగాక కూడా రెండు నెలలు పాత జీతమే ఇచ్చాను. దసరాకి పెంచుదాంలే అనుకున్నాను.

అమీర్‌పేట_అక్క:
అందరికీ థాంక్స్ అండీ. సోమవారం హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడుతున్నాం. ఖర్చు వివరం, నెలనెలా తగ్గే బాండ్, ఒరిజినల్స్ ఇవ్వబోమన్న మాట, ఈ మూడూ రాస్తాం. బాలానగర్ బాబాయ్ గారూ, మీరు మాత్రం నేర్పడం మానకండి.

బాలానగర్_షెడ్డు:
మానను తల్లీ. పొద్దున్నే ఆ రెండో కుర్రాణ్ని పిలిచి మిషన్ ముందు నిలబెట్టాను. ఆఫ్‌సెట్ తనంతట తాను వేసిన నెల నుంచే రెండున్నర వేలు పెంచుతానని చెప్పాను. ముందు నమ్మలేదు, కాగితం మీద రాసిచ్చాను.