వస తైలం పసిబిడ్డ నాలుకకు రాయవచ్చా?

ప్రొద్దుటూరు తల్లి: మా పాపకు ఐదో నెల. అత్తమ్మ కడపలో ఒక మూలికల అంగడి నుండి వస తైలం తెప్పించి, మాటలు త్వరగా వస్తాయని రోజూ ఒక చుక్క నాలుకకు రాయమంటున్నారు. రాయవచ్చా?

పెన్నా గట్టు: నిశ్చింతగా రాయమ్మా. మా బిడ్డలందరికీ వస కొమ్మును కాల్చి, సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి నాకించాము. ఒక్కరికీ ఏమీ కాలేదు.

కడప అయ్యవారు: అయ్యా, మీరు పెట్టినది కొమ్ము, ఆమె అడిగినది తైలం. ఎండిన కొమ్మును ఆవిరి పట్టి తీస్తే నూటికి రెండు మూడు పాళ్ల తైలమే వస్తుంది కనుక, ఒక చుక్కలో దాదాపు ఒక గ్రాము కొమ్ములోని తైలం ఉంటుంది. సానరాయి మీద రెండు రుద్దులకు దిగేది అందులో ఏ మూలకూ రాదు. పైగా మన దేశంలో విరివిగా దొరికే వస రకాల తైలంలో అధికభాగం బీటా-అసరోన్ అనే హానికర రసాయనం. జమ్మూ వస తైలం తినిపించిన ఎలుకల పేగుల్లో కంతులు కనిపించాయి; అమెరికా 1968లో వసనూ దాని తైలాన్నీ ఆహారంలో వాడరాదని నిషేధించింది.

పెన్నా గట్టు: అమెరికా వారి నిషేధం మనకెందుకు? వారి వస వేరు, మన వస వేరు.

కడప అయ్యవారు: వేరే, నిజమే. అక్కడ సహజంగా పెరిగే రకంలో బీటా-అసరోన్ లేదు, మన రకంలోనే ఉంది.

యర్రగుంట్ల వాసి: కొమ్మును కాలిస్తే అందులోని తైలం చాలావరకు ఆవిరైపోతుంది. సీసాలో ఉన్నదంతా ఆ తైలమే.

పెన్నా గట్టు: అయ్యవారూ, నిరుడు మా మనవడికి వాంతులైతే, ఒక ఆసుపత్రిలో మా ఇంటావిడను పదిమంది ముందు నిలదీసి, నాటు వైద్యంతో బిడ్డను చంపుతారా అన్నారు. ఆనాటి నుండి కోడలు బిడ్డను ఆమె ఒడిలో పెట్టదు. మీరు రసాయనాల లెక్క చెబుతున్నారు. బిడ్డను పెంచడంలో పెద్దల మాటకు ఇక విలువ లేదా అన్నది నా బాధ.

కడప అయ్యవారు: ఆవిడను అలా అనడం ముమ్మాటికీ తప్పు. కానీ ఆనాడు పెట్టినది కొమ్మా, తైలమా?

పెన్నా గట్టు: అది ఇక్కడ అప్రస్తుతం.

ప్రొద్దుటూరు తల్లి: సీసా మీద చిన్న అక్షరాలలో ‘పైపూతకు మాత్రమే’ అని ఉంది. చూపించినా అత్తమ్మ వినడం లేదు.

కడప అయ్యవారు: సీసాను బిడ్డకు అందనిచోట పెట్టండమ్మా. పొరపాటున మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పెన్నా గట్టు: తైలం వద్దంటే వద్దు. కొమ్మును కూడా విషమంటే మాత్రం నేను ఒప్పుకోను.

కడప అయ్యవారు: కొమ్ములో ఉన్నదీ అదే తైలం, మోతాదు మాత్రమే తక్కువ. ఐదో నెల బిడ్డకు నేనైతే అదీ పెట్టను.