ఆర్మర్డ్ కోర్ 6లో స్టాగర్ పద్ధతి గ్యారేజికి మేలు చేసిందా, చేటు చేసిందా?

పాత రావెన్ (చర్చ ప్రారంభం):

సిరీస్‌లో ముందు ఆట అయిన వెర్డిక్ట్ డే వచ్చిన పదేళ్ళకు, 2023 ఆగస్టు 25న విడుదలైన ఆర్మర్డ్ కోర్ 6: ఫైర్స్ ఆఫ్ రూబికాన్ అనే యుద్ధ రోబోల వీడియో గేమ్ మంచి ఆట అనే విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ యాక్షన్ ఆటగా దానికి దక్కిన గుర్తింపు న్యాయమైనదే. నేను అడగదలచుకున్నది వేరు. 1997లో మొదటి ప్లేస్టేషన్ మీద మొదలైన ఈ సిరీస్‌కు ప్రాణం గ్యారేజి. తల, మొండెం, చేతులు, కాళ్ళు, జెనరేటరు, గురిపెట్టడానికి సాయపడే ఎఫ్‌సీఎస్, భుజాల మీది ఆయుధాలు ఒక్కొక్కటిగా ఎంచుకుని, బరువుకూ విద్యుత్తుకూ లెక్క సరిపెట్టుకుని, మన స్వభావానికి తగిన యంత్రాన్ని కట్టుకోవడంలోనే సగం ఆట ఉంటుంది. ఆరవ భాగంలో వచ్చిన స్టాగర్ పద్ధతి ఆ గ్యారేజిని ఇరుకు చేసిందని నా అభిప్రాయం.

ఈ ఆట ఆడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ప్రతి యంత్రానికీ ఏసీఎస్ అనే ఒక మీటరు ఉంటుంది. తగిలిన ప్రతి దెబ్బా దాన్ని కొంత నింపుతుంది, దెబ్బలు ఆగితే అది మెల్లగా దిగుతుంది. పూర్తిగా నిండిందంటే యంత్రం ఉన్నచోటనే స్తంభించిపోతుంది, ఆ కొద్ది క్షణాల్లో తగిలే దెబ్బలకు మామూలు కంటే చాలా ఎక్కువ నష్టం జరుగుతుంది. దీనివల్ల ఏ ఆయుధాన్ని చూసినా అడగవలసిన ప్రశ్నలు రెండే మిగిలాయి: ఇది మీటరును ఎంత వేగంగా నింపుతుంది, మీటరు నిండాక ఎంత పెద్ద దెబ్బ కొడుతుంది? విడుదలైన కొత్తలో రెండు చేతుల్లో రెండు జిమ్మర్‌మన్ షాట్‌గన్‌లు, భుజాల మీద సాంగ్‌బర్డ్స్ గ్రెనేడ్ ఫిరంగులు పెట్టుకున్న యంత్రాలు ఎక్కడ చూసినా కనిపించడానికి కారణం ఇదే.

దీనికి తోడు, అతి దూరం నుంచి కాల్చిన గుండ్లు కవచానికి తగిలి పక్కకు ఎగిరిపోతాయి. అందరూ దగ్గరికి దూసుకువెళ్ళక తప్పదు. పాత ఆటల్లో ఒక ప్రత్యేక వర్గంగా ఉండిన స్నైపర్ రైఫిళ్ళు ఈ గ్యారేజిలో ఆటగాడికి దొరకవు. కొండ చాటున నిలబడి ఓపికగా పోరాడే పద్ధతి ఈ సిరీస్‌లో ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. దీన్ని అభివృద్ధి అందామా?

కోరల్ తీరం:

పాత రావెన్ గారూ, మీరు గ్యారేజి గురించి చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను, కానీ స్టాగర్ మీద మోపిన నేరంతో ఏకీభవించలేను. పెద్ద గ్రెనేడు తగిలితే యంత్రం ఒక క్షణం బిగుసుకుపోవడం పాత ఆటల్లోనూ ఉండేది. తేలిక కాళ్ళు వేసుకున్నవాళ్ళు వరుస దెబ్బలకు కదలలేక నష్టపోయిన సందర్భాలు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు ఆ లెక్క తెర వెనుక జరిగేది, ఇప్పుడు మీటరు రూపంలో కళ్ళ ముందుకు వచ్చింది. శత్రువు మీటరు ఎంత నిండిందో తెలిసినప్పుడే ఆటగాడు ఒక నిర్ణయం తీసుకోగలడు. మీటరు అంచుదాకా వచ్చినప్పుడు రైఫిలు కాల్చి నింపేయాలా, లేక ఒక్క క్షణం ఆగి, భుజం మీది ఫిరంగి సిద్ధమయ్యాక నింపాలా అన్న ఆలోచన పాత ఆటల్లో నాకు ఎప్పుడూ కలగలేదు. చేతికి అమర్చిన పైల్ బంకర్‌ను (దగ్గరి నుంచి పొడిచే ఆయుధాన్ని) చార్జ్ చేసి, స్తంభించిన యంత్రం మీదికి దిగే ఆ అర క్షణం కోసం ముందునుంచీ చేసుకున్న ఏర్పాటంతా గ్యారేజిలో జరిగినదే కదా!

గ్యారేజి ఇరుకైందన్న మాటకు బాల్టియస్‌ను నా సమాధానంగా చూపిస్తాను. మొదటి అధ్యాయం చివర వచ్చే ఆ యంత్రం చుట్టూ పల్స్ కవచం ఉంటుంది, అది పగిలేదాకా మన దెబ్బలు లోపలికి సరిగా దిగవు. వీపు మీద వలయంలా అమర్చిన క్షిపణులన్నీ ఒక్కసారిగా లేచి ఆకాశం నింపేస్తాయి. వెనక్కి పారిపోతే అవి వెంటాడతాయి, అసాల్ట్ బూస్ట్‌తో (వేగంగా ముందుకు దూసుకెళ్ళే పద్ధతితో) ఎదురువెళ్ళి వాటి కిందుగా దూరితే చాలావరకు మన వెనక్కి పోతాయి. ఓడిపోయినప్పుడు చెక్‌పాయింట్ దగ్గరే మన దగ్గరున్న భాగాలతో యంత్రాన్ని మార్చుకునే వీలుంది. మామూలు తుపాకులతో చాలాసేపు తలపడి, చివరికి ఒక చేతిలో పల్స్ గన్ పెట్టుకుంటే, ఆ బుడగల తాకిడికి కవచం చూస్తూండగానే కరిగిపోతుంది. ఆటగాడి చేతివేగం ఏమీ పెరగలేదు, యంత్రం మారిందంతే. గ్యారేజి విలువను ఇంతకన్నా స్పష్టంగా నేర్పిన ఘట్టం ఈ సిరీస్‌లో మరొకటి నాకు తెలియదు. పైగా భాగాలను కొన్న ధరకే తిరిగి అమ్ముకోవచ్చు కాబట్టి, ప్రయోగం చేసినందుకు శిక్ష ఉండదు.

రెండో ప్యాచ్:

బాల్టియస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఈ చర్చలో తప్పక మాట్లాడవలసిన ఒక విషయం చెబుతాను. 2023 సెప్టెంబరు ప్యాచ్‌లో (ఆటకు వచ్చిన అప్‌డేట్‌లో) బాల్టియస్, సీ స్పైడర్, ఐబిస్ సీఈఎల్ 240 వంటి బాస్‌ల తీవ్రతను తగ్గించారు, అదే సమయంలో బలహీనంగా ఉన్న రైఫిళ్ళు, మెషిన్ గన్‌ల శక్తిని పెంచారు. రెండో పని నూటికి నూరుపాళ్ళు సరైనది, మొదటిది అనవసరమని నా నమ్మకం. రైఫిళ్ళు మీటరును సరిగా నింపలేకపోవడం వల్లనే చాలామందికి ఆ బాస్‌లు కొరకరాని కొయ్యలయ్యాయి. ఆయుధాలను సరిదిద్దిన తర్వాత బాస్‌లను కూడా తగ్గించడంతో, కోరల్ తీరం గారు వర్ణించిన ఆ పాఠం ఇప్పుడు కొత్తగా చేరేవారికి అంత పదునుగా అందడం లేదు. ఇష్టమొచ్చిన తుపాకులతో నెట్టుకురావచ్చు. ఆట కష్టంగా ఉండాలన్న పట్టుదలతో అంటున్న మాట కాదిది. కష్టాన్ని దాటే దారి గ్యారేజిలో ఉన్నప్పుడు, ఆ దారి చూపించాలి గానీ గోడనే కూల్చకూడదు.

కోరల్ తీరం:

ఇక్కడ మీతో విభేదిస్తాను. పాత సిరీస్ తెలిసినవారికి గ్యారేజికి తిరిగి వెళ్ళాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. ఇదే సంస్థ, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ చేసిన సెకిరో, ఎల్డెన్ రింగ్ ఆడి వచ్చినవారికి అదే ఆయుధంతో మరింత జాగ్రత్తగా తప్పుకోవడమే అలవాటు. ఆ సంస్థవే అయిన సోల్స్ ఆటల తరహాలోకి ఈ ఆటను మళ్ళించే ఉద్దేశం తమకు లేదని సంస్థ అధిపతి మియాజాకి విడుదలకు ముందే స్పష్టం చేశారు. అయినా ఆ ఆటల అలవాట్లు మోసుకొచ్చినవారు చాలామంది ఉన్నారు, వాళ్ళు మొదటి అధ్యాయంలోనే ఆట వదిలేస్తే రెండో అధ్యాయంలో వికసించే గ్యారేజిని చూసేది ఎవరు?

పాత రావెన్:

ఇద్దరికీ ధన్యవాదాలు. బాల్టియస్ గురించి కోరల్ తీరం గారు చెప్పింది నిజమే, కానీ అది నా వాదాన్ని తాకడం లేదు. పల్స్ కవచానికి పల్స్ గన్ అనేది ఒక తాళానికి ఒక తాళంచెవి. బాస్‌ల విషయంలో ఆ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఏసీకి ఏసీ (ఆటగాళ్ళు కట్టుకునే ఆర్మర్డ్ కోర్ యంత్రాలు) ఎదురుపడినప్పుడు, అంటే అరీనాలోనూ ఆన్‌లైన్ పోటీల్లోనూ, తాళాలు వేరువేరుగా ఉండవు. అందరికీ ఒకటే మీటరు. ఆర్మర్డ్ కోర్ 5లో కవచానికి మూడు రకాల రక్షణ ఉండేది, ఒక రకం గుండ్లను ఆపే యంత్రం మరో రకానికి బలహీనంగా ఉండేది. ఆ పద్ధతిలోనూ లోపాలున్నాయి: తప్పు ఆయుధం తెచ్చుకున్నవాడు పోటీ మొదలు కాకముందే ఓడిపోయేవాడు. కానీ అన్నిటికీ సరిపోయే ఒకే సమాధానం అక్కడ ఉండేది కాదు.

మరో మాట కూడా చెప్పాలి. పాత ఆటల్లో శత్రువును లాక్ పెట్టెలో, అంటే తెర మీది గురి చట్రంలో, నిలిపి ఉంచడమే ఒక విద్య, ఏ ఎఫ్‌సీఎస్ ఎంచుకున్నామన్నదాన్ని బట్టి ఆ పెట్టె ఆకారం మారేది. మొదటి ప్లేస్టేషన్‌లో పక్కకు జరగడానికీ పైకి కిందికి చూడటానికీ భుజం బటన్లే దిక్కు, అయినా ఆ ఇబ్బందిలోనే యంత్రాన్ని నడుపుతున్న బరువు తెలిసేది. ఇప్పుడు టార్గెట్ అసిస్ట్ వేసుకుంటే కెమెరాయే శత్రువును వెంబడిస్తుంది. గురి చూసే పని తగ్గిపోయాక, ఆటగాళ్ళ మధ్య తేడా చూపడానికి స్టాగర్‌ను ఎంత గట్టిగా వాడుకున్నామన్నదే మిగిలింది.

ఖర్చుల సంగతీ అంతే. మొదటి ఆటలో అప్పు మితిమీరితే మన పైలట్‌ను ప్రయోగశాలకు అప్పగించి హ్యూమన్ ప్లస్‌గా మార్చేవారు. గుండ్ల ధర కూడా యంత్రం కూర్పులో భాగంగా ఉండేది, చవకైన గుండ్లతో పని ముగించగల యంత్రానికి ఒక గౌరవం ఉండేది. ఇప్పుడు మిషన్ ముగిశాక మందుగుండు, మరమ్మతుల ఖర్చు మినహాయిస్తున్నా, ఆ భయం ఎవరికీ లేదు. ఖర్చుకు జంకనవసరం లేనప్పుడు ఎవరైనా అన్నిటికంటే పెద్ద ఫిరంగినే ఎంచుకుంటారు.

నాలుగు కాళ్ళు:

చర్చను ఇంతవరకు మౌనంగా చదివాను. నా ప్రధాన యంత్రం టెట్రాపాడ్ (నాలుగు) కాళ్ళది. గాలిలో నిలబడి ఉండగలిగే ఆ కాళ్ళతో కింద తిరుగుతున్నవారి మీద ప్లాస్మా క్షిపణులు కురిపించడం నా పద్ధతి, అందులో జిమ్మర్‌మన్‌కు చోటే లేదు. పాత రావెన్ గారు అంటున్న ఏకైక సమాధానం విడుదలైన తొలి వారాల నాటిది. ఆ తర్వాత ఒక్కో ప్యాచ్‌తో లెక్కలు మారుతూ వచ్చాయి, 2023 డిసెంబరులో ర్యాంక్ పోటీలు చేరాక ఆటగాళ్ళు మరింత లోతుగా పరిశోధించారు. ఈనాడు పైకి వెళ్ళినకొద్దీ కనిపించేది షాట్‌గన్‌ల ఊరేగింపు కాదు. దగ్గరికి రానివ్వకుండా వెనక్కి జారుతూ క్షిపణులతో వేధించే తేలిక యంత్రాల గురించే అక్కడ ఎక్కువ ఫిర్యాదులు వినిపిస్తాయి. దగ్గరికి దూసుకువెళ్ళక తప్పదన్న మీ మాటకూ, తరమలేకపోతున్నామన్న వాళ్ళ మాటకూ పొత్తు కుదరడం లేదు.

ఇక లెక్కల లోతు గురించి. చేతుల భాగం ఎంచుకునేటప్పుడు అవి మోయగల బరువు, తుపాకుల నైపుణ్యం, కత్తి నైపుణ్యం వేర్వేరుగా చూడాలి. ఎఫ్‌సీఎస్ దగ్గరి, మధ్య, దూరపు పరిధుల్లో దేనికి సాయపడుతుందో చూడాలి. ప్రతి ఆయుధానికీ తక్షణ తాకిడి వేరు, మీటరులో పేరుకుపోయి మిగిలే తాకిడి వేరు, స్తంభించిన యంత్రం మీద చేసే అదనపు నష్టం వేరు. పెద్ద ఫిరంగి తక్షణం మీటరును ఎగదోస్తుంది, కొన్ని ఆయుధాలు నింపింది మాత్రం తొందరగా దిగదు. ఈ రెంటినీ జతచేసి లయ కుదుర్చుకోవడానికి పట్టే సమయాన్ని ‘రెండే ప్రశ్నలు’ అని తేల్చేయడం న్యాయం కాదు.

రెండో ప్యాచ్:

నాలుగు కాళ్ళు గారి మాటకు ఒకటి జోడిస్తాను. ఈ ఆటను ఒక్కసారి పూర్తిచేసి గ్యారేజి ఇరుకని తేల్చేవారు సగం గ్యారేజినే చూశారు. కొన్ని మిషన్లు, కొన్ని భాగాలు ఇదే ఆటను రెండోసారి, మూడోసారి ఆడితేగానీ రావు. మూడో ముగింపుకు దారి కూడా ముందు రెండు ముగింపులూ చూసినవారికే తెరుచుకుంటుంది. అయితే దీన్ని ఆటకు అనుకూలమైన వాదంగా మాత్రమే నేను చెప్పడం లేదు. గ్యారేజిలో వైవిధ్యం ఉందని నిరూపించుకోవడానికి మూడుసార్లు ఆడవలసి రావడం రూపకర్తల లోపమే. సెకిరోలో ముఖ్య పాత్ర వహించి, ఈ ఆటకు దర్శకత్వం వహించిన యమమురా బృందం ఆ భాగాల్లో కొన్నింటినైనా మూడో అధ్యాయానికే అంగడిలో పెట్టి ఉంటే, ఈ చర్చ ఇంత తీవ్రంగా సాగేది కాదేమో.

పాత రావెన్:

తేలిక యంత్రాల గురించి నాలుగు కాళ్ళు గారు చెప్పింది నేను కూడా చూస్తున్నాను, కానీ అందులో నాకు కనిపించేది వేరు. ఆ యంత్రాలు వెనక్కి జారేది తమకు అది ఇష్టమైన పద్ధతి కాబట్టి కాదు, ఒక్కసారి మీటరు నిండితే పలుచని కవచం ఆ పోటీలో ఇక కోలుకోదు కాబట్టి. ఈ సిరీస్‌లోనే పాత ఆట అయిన ఫర్ ఆన్సర్‌లో తేలిక యంత్రం శత్రువు చుట్టూ గిరగిరా తిరిగి, ముఖంలోకి వచ్చి కత్తి దూసి వెళ్ళిపోయేది. ఒక దెబ్బ తగిలితే ఒక దెబ్బకే నష్టపోయేది. ఇప్పుడు ఒక తప్పుకు మూడు తప్పుల శిక్ష పడుతోంది. అందుకే తేలిక యంత్రం పారిపోతోంది, బరువైనది తరుముతోంది.

నాకు కావలసింది స్టాగర్‌ను తీసివేయడం కాదు. కాళ్ళ బరువును బట్టి స్తంభించే సమయం మారాలి: తేలికైనది త్వరగా నిండినా త్వరగా తేరుకోవాలి, ట్యాంకు ఆలస్యంగా నిండి ఆలస్యంగా తేరుకోవాలి. దూరంలో గుండ్లు ఎగిరిపోవడాన్ని తట్టుకునే ఒక్క రైఫిలు వర్గాన్ని తిరిగి తేవాలి, కావాలంటే దాని తాకిడిని అతి తక్కువగా పెట్టవచ్చు. ఈ రెండూ చేస్తే తేలిక యంత్రాలు మళ్ళీ ముందుకు వస్తాయని నా నమ్మకం.

నాలుగు కాళ్ళు:

మొదటి సూచన నాకు నచ్చింది, దానితో తేలిక యంత్రాల వారికి కత్తి పట్టుకునే ధైర్యం వస్తుంది. రెండోదాన్ని మాత్రం ఒప్పుకోలేను. వెనక్కి జారే యంత్రాన్ని తరమడమే ఇప్పటికి కష్టంగా ఉంది. వారి చేతికి దూరంలోనూ తప్పక తగిలే రైఫిలు ఇస్తే, తాకిడి ఎంత తక్కువైనా, సమయం ముగిసేసరికి ఎక్కువ కవచం మిగిలినవారిదే గెలుపు కాబట్టి ఎవరూ దగ్గరికి రారు. మీరు కోరిన వైవిధ్యం దానితోనే పోతుంది. ముందు స్తంభించే సమయం మార్చి చూడాలి, తేలిక యంత్రాలు నిజంగా ముందుకు వచ్చాకే ఆ రైఫిలు గురించి ఆలోచించాలి.